నాలుగు వందల మీద పోయిన బస్సు

విరుదునగర్‌లో మగ్గాల వీధి మొదట్లో నాది టీకొట్టు. ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నరకు ముత్తుపాండి తన టెంపోను గోడవారగా ఆపి, వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. అతను పాత ఇనుము కొనేవాడు. వీధి చివరి షెడ్డులో ఒక పాత మగ్గాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చాడు. పదకొండు గంటల లోపల ఆ మగ్గం చీర అంచు సరిగా నేస్తే ఉంటుంది, నేయకపోతే టెంపో ఎక్కుతుంది. షెడ్డు ముదలాళి, అంటే యజమాని, అలా తేల్చి చెప్పేశాడు. ఆ మగ్గం పోతే దాని మీద పందొమ్మిదేళ్లుగా నేస్తున్న పెరియనాయగికి అక్కడ వేరే మగ్గం లేదు. వీధిలో అందరికీ తెలిసిన సంగతే.

ఎదురు బల్ల మీద అప్పటికే అళగర్సామన్న ఉన్నాడు. కోవిల్పట్టి మనిషి. ముప్పై నాలుగేళ్లు కోవిల్పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్‌కు బస్సు నడిపి దిగినవాడు. ఆ మగ్గానికి కంప్యూటర్ పని చూస్తున్న మహేశ్వరిప్రియ ఆయన కూతురి కూతురు. టెంపో కనబడగానే ఆయన గొంతు సవరించుకున్నాడు.

"రా అల్లుడూ, ఈడ కూర్చో, నా పక్కన. పొన్నయ్యా, ఇతనికొక టీ. పాపం, నువ్వు ఊరికే వచ్చినావు. ఆ మగ్గాన్ని నేను తెల్లవారగానే సరిచేసేస్తిని."

"నువ్వా మామా?" అన్నాడు ముత్తుపాండి, ఆయన పక్కకు మారి టెంపో తాళంచెవి బల్ల మీద పెడుతూ.

"నేనే. నడుస్తోంది. నడిచే మగ్గాన్ని ఇనుము కింద ఎత్తుకుపోతే నీకు పాపం. అందుకే చెప్తున్నా, తొందరపడొద్దు, టీ తాగు. చిన్న సంగతే అనుకో. గొప్ప కోసం చెప్పడం లేదు, నాకు గొప్పలు పడవు, పొన్నయ్యకు తెలుసు."

నేను పాలు పొంగకుండా చూసుకుంటున్నాను.

"నిన్న రాత్రి మా మహేసు ఫోను చేసింది. తాతా, మూడు రోజులుగా ఇంటికి రాలేకపోతున్నా, మగ్గం పాత కంప్యూటర్ చచ్చిపోయింది, కొత్తది పెట్టినాము, పెట్టినప్పటి నుంచి బస్సు డ్రైవర్ మాట వినడం లేదు అంది. బస్సు అంది. డ్రైవర్ అంది. ఈ జిల్లాలో ఆ రెండు మాటలు పక్కపక్కన పెట్టి చెప్తే ఎవరిని పిలిచినట్టు? పేరు చెప్పాల్నా? ఖాకీ చొక్కా తీసి, ఇస్త్రీ చేసి, తొడుక్కుని మొదటి బండి ఎక్కితిని."

"అన్నా, అది కంప్యూటర్ లోపలి బస్సు కదా," అన్నాను. నాకు అంతమాత్రం తెలుసు. ఆ పిల్ల టీ తాగడానికి వచ్చినప్పుడు చెప్పింది. యంత్రం లోపల ఒకచోటి నుంచి ఇంకొకచోటికి మాటలు మోసే తీగను బస్సు అంటారట. ఆ తీగ మీద మాటలు ఎంత వేగంగా పోవాలో చూసుకునే ప్రోగ్రాం రాతను డ్రైవర్ అంటారట. ఈ పెద్దాయన సొంత బస్సు అనుకుని దిగిపోయాడని నవ్వింది కూడా.

"లోపలిదైతే ఏమి, బయటిదైతే ఏమి తమ్ముడూ? ఎక్కించుకుని మోసేది బస్సు. నడిపేవాడు డ్రైవర్. చోటు మారితే ధర్మం మారుతుందా? సరే, విను అల్లుడూ. షెడ్డులోకి పోతిని. పెరియనాయగి మగ్గం దగ్గర తల పట్టుకుని కూర్చోనుంది. అంచులో చిలకలు పడాల. పడినాయి, కాదనను. ఒక్కదానికి ముక్కు లేదు. ఆ ముక్కు తోక మీద ఉంది. ఇంకొకదానికి రెండు తోకలు, తల లేదు. అట్లాంటి చీర ఎవరు కట్టుకుంటారు?"

"నేనూ చూసినా," అన్నాడు ముత్తుపాండి. "కోడిని కాల్చినట్టు ఉండె."

"ఆ. నేను ఒక చూపు చూస్తిని, రోగం తెలిసిపోయె. మగ్గం పైన పెట్టె ఉంది కదా, జకార్డు పెట్టె, దాంట్లో కొక్కేలు. ఒక్కొక్క కొక్కెం ఒక్కొక్క నూలును పైకెత్తాల. ఏ కొక్కెం ఎప్పుడెత్తాల అని కంప్యూటర్ మాట పంపిస్తుంది. ఆ మాటలే ప్యాసింజర్లు. మహేసూ, బండి ఎంత మీద పోతోంది అని అడిగితిని. నాలుగు వందలు తాతా అంది. నాలుగు వందలు. అల్లుడూ, సాత్తూరులో దిగాల్సినవాడు చెయ్యి ఊపే లోపల విరుదునగర్ వచ్చేస్తుంది. ముక్కు కాడ దిగాల్సినవాడు తోక కాడ దిగినాడు. అంతే రోగం. నూరుకు తగ్గించు అంటిని. తగ్గింది. ముక్కు వచ్చింది. అయిపోయె."

"అంతేనా?" అన్నాడు ముత్తుపాండి. ఫోను తీసి టైము చూసుకున్నాడు. పది కూడా కాలేదు.

అళగర్సామన్న కూడా ఆ ఫోను వైపే చూశాడు.

"అంతే అయితే నాతో పనేమి? ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొన్నయ్యా, ఇంకొక టీ పెట్టు, ఇతనికి ఇది చల్లారిపోయింది. నూరు పెట్టినామా. మహేసు కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేసింది. చూస్తే మళ్లీ నాలుగు వందలు. మళ్లీ నూరు పెట్టితిమి. ఆపి వేస్తే మళ్లీ నాలుగు వందలు. తాతా, ఈ డ్రైవర్ నా రాత చదవడం లేదు, తనకు మొదట చెప్పిందే పట్టుకున్నాడు అని ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది. నువ్వు పక్కకు జరుగమ్మా, డ్రైవరుతో డ్రైవరే మాట్లాడాల అంటిని. కుర్చీలో కూర్చుని కంప్యూటర్ అద్దంలోకి వంగితిని. లోపల వాడు కనబడినాడు."

"ఎవరు?"

"డ్రైవర్. బక్కగా, తెల్ల చొక్కా, చేతికి గడియారం. ఏమప్పా, లైసెన్సు ఉందా అంటిని. ఉంది సార్ అన్నాడు. యాడ నేర్చుకుంటివి అంటిని. సింగపూరులో అన్నాడు. అదే చూస్తున్నా, నీకు రోడ్డంటే అద్దం మాదిరి ఉంటుందని నమ్మకం. ఈడ రోడ్డు పందొమ్మిదేళ్ల నాటి తీగ, ఆ చివర ఉండే పెట్టె ఇంకా ముసలిది, దానికి చెవి సరిగా వినబడదు, నువ్వు పరిగెత్తుతా అరిచిపోతే దానికేమి అర్థమవుతుంది? నిలబడి చెప్పాల. అది తల ఊపినాకే కదలాల అంటిని. వాడు నన్నొకసారి పైనుంచి కిందికి చూసినాడు. సార్, మీరు కోవిల్పట్టి లైను అళగర్సామి సార్ కదా అన్నాడు."

"సింగపూరు డ్రైవరుకు నువ్వెట్లా తెలుసు అన్నా?" అని అడిగాను.

"డ్రైవర్ల లోకం చిన్నది తమ్ముడూ. లేచి నిలబడి సెల్యూట్ కొట్టినాడు. వాడు నిలబడితే కంప్యూటర్ రెండు అంగుళాలు లేచె. నూరు దాటను సార్, మా అమ్మ మీద ఆన అన్నాడు. అప్పటి నుంచి ఎన్నిసార్లు ఆపి వేసినా నూరే."

ముత్తుపాండి నవ్వాడు. నవ్వుతూనే టీ ఊదుకున్నాడు. అళగర్సామన్న బల్ల మీద కాస్త సర్దుకుని కూర్చున్నాడు, వీధి చివర షెడ్డు వైపు చూశాడు. ముప్పై మగ్గాల చప్పుడులో ఏది నడుస్తోందో ఏది ఆగిందో ఇక్కడికి తెలియదు.

"ఒక్కసారి పోయి చూసి రానా?" అన్నాడు తనలో తాను అనుకున్నట్టు, లేవబోతూ.

"కూర్చో మామా," అన్నాడు ముత్తుపాండి. "నడుస్తోంది అంటివి కదా, చూసేదేముంది. డ్రైవర్ ఆన పెట్టినాడు. తర్వాత?"

అది విని పెద్దాయన మొహం వెలిగింది. మళ్లీ బల్లకు అతుక్కున్నాడు.

"తర్వాత కదా అసలు కత. పెరియనాయగి మగ్గం వేసింది. చిలకలు వరసగా పడుతున్నాయి. ముక్కు, రెక్క, కన్ను, అన్నీ యాడివి ఆడ. కానీ నేనొక తప్పు చేస్తిని, ఒప్పుకుంటా. నూరు అనుకుని పొరపాటున నూట పది పెట్టి ఉంటిని. మాటలన్నీ అంత సరిగా దిగేసరికి చిలకలకు ప్రాణం వచ్చేసె. పెరియనాయగి తన సద్దిగిన్నె పక్కన జామకాయ పెట్టుకోనుంది. అంచులోనుంచి ఒక చిలక మెడ చాపి కొరికింది."

"నూలు చిలకా?"

"నూలు చిలకే. కొరికినాక ఊరుకుంటుందా? అంచు విడిచి లేచింది. దాని వెనక ఇంకొకటి. పన్నెండు చిలకలు షెడ్డు రేకుల సందులోనుంచి బయటపడి తిరుచ్చులి వైపు పోతా ఉన్నాయి. చీర అంచు చూస్తే ఖాళీ. ముదలాళి నెత్తి కొట్టుకుంటాడు. నేను కంప్యూటర్ కాడికి దూకితిని. నూట పదిని తొంభై చేస్తిని. తిరుచ్చులి పొలిమేరలో చిలకలకు రెక్కలు బరువెక్కి తిరిగి వచ్చినాయి, వచ్చి అంచులో కూర్చున్నాయి. కూర్చుని నిద్రపోయినాయి. అన్నిటికీ కళ్లు మూతలే. కన్ను మూసుకున్న చిలకను ఎవరు కొంటారు? మళ్లీ నూరు చేస్తిని. కన్ను తెరిచినాయి, కానీ ఎగరలేదు. అప్పుడు తెలిసె నాకు, నూట పదికి ఎగురుతాయి, తొంభైకి నిద్రపోతాయి, నూరుకే కుదురుగా ఉంటాయి. ఈ లెక్క ఏ కాలేజీలోనైనా చెప్తారా?"

"చెప్పరు," అన్నాడు ముత్తుపాండి.

"అన్నా, పన్నెండూ తిరిగి వచ్చినాయా?" అన్నాను.

"పదకొండు వచ్చినాయి. ఒకటి తిరుచ్చులిలో ఆగిపోయింది. మహర్షి పుట్టిన ఊరు, ఆ గాలి అట్లాంటిది, ఆడికి పోయినవాళ్లకు మౌనంగా కూర్చోబుద్ధవుతుంది. దాని చోట పెరియనాయగి చేత్తో ఒక పువ్వు కుట్టింది."

అప్పటికి పదిన్నర. మూడో టీ. నేను అడగకుండానే ముత్తుపాండి రెండు వేళ్లు చూపించాడు, తనకొకటి, పెద్దాయనకొకటి. పదకొండుకు బండి కట్టాల్సినవాడు ఇంత తీరికగా ఉన్నాడేమిటా అనుకున్నాను. కోతలకు అంత బలం ఉంటుంది మరి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా బస్సు సరిగా నిలబడి ఎక్కించుకుని దింపుతోందని వీధిలో మిగిలిన మగ్గాలకు తెలిసిపోయె. తీగకు తీగ చెప్పుకున్నాయి. ముప్పై మగ్గాలూ వచ్చి నా లైనులో నిలబడె. వాటిని చూసి రేషన్ అంగడి వేలిముద్ర యంత్రం వచ్చె. అది రోజూ ముసలివాళ్ల వేళ్లు గుర్తుపట్టక సతాయిస్తుంది కదా, నూరు మీద పెడితిని, వేలు ముట్టకముందే పేరు చెప్పేస్తుంది. పెరియనాయగి పోయి నిలబడితే, రామ్మా, నిన్న నీకు మోకాలు నొప్పిగా ఉండె కదా, ఇప్పుడెట్లా ఉంది అని అడిగింది."

"బియ్యం ఇచ్చిందా?"

"బియ్యం రాలేదు. అది లారీ తప్పు, నా బస్సుది కాదు." ఆయన తువ్వాలుతో నుదురు ఒత్తుకున్నాడు. "సాత్తూరు దాకా పోయింది అల్లుడూ నా లైను. ఆడ టపాసుల వాళ్లు ఫోను చేసినారు. సార్, ఒకే సరానికి వేయి టపాసులు కట్టినాము, అన్నీ ఒకేసారి పేలుతున్నాయి, వరసలో పేలాల అన్నారు. నూరు పెట్టి ఇస్తిని. ఇప్పుడు ఒక టపాసు పేలి, పక్కదాన్ని అడిగి, అది సరే అన్నాకే అది పేలుతుంది. పసిబిడ్డ పక్కన నిద్రపోతా ఉంటే ఆ సరం ఆగిపోతుంది. బిడ్డ లేచినాక మిగిలింది పేలుతుంది."

"మామా, ఇదంతా తెల్లవారి నుంచేనా?" అన్నాడు ముత్తుపాండి. "మొదటి బండి ఈడికి వచ్చేది ఏడుకు."

"నేను ఎక్కిన బండి ముందే వస్తుంది. గౌరవం. నువ్వు అడ్డం రావద్దు, వాన వస్తోంది."

"యాడ?"

"ఒట్టపిడారంలో. కతలో. విను. ఒట్టపిడారం రైతులు నాకు చుట్టాలే, నల్లరేగడి, పత్తి. వాన వస్తే అంతా ఒకేచోట పడి కొట్టుకుపోతుంది, లేకపోతే రోడ్డు మీద పడి ఊరికే పోతుంది. మామా, నువ్వు బస్సుకు చెప్తే వింటుందట కదా, మా వానకు కూడా చెప్పు అన్నారు. వాన కూడా బస్సే కదా తమ్ముడూ, ఆకాశంలో ఎక్కించుకుని ఈడ దింపేది. ఆ తీగ చివర పట్టుకుని మేడ మీదికెక్కి మబ్బుకు తగిలిస్తిని. నూరు పెడితిని. అల్లుడూ, నా అరవై తొమ్మిదేళ్లలో అట్లాంటి వాన చూడలేదు. ఒక్కొక్క చినుకు వచ్చి, కిందికి చూసుకుని, ఇది కృష్ణమ్మాళ్ చేనా, నేను దిగాల్సింది పక్క చేను అని నాలుగు అడుగులు జరిగి పడుతుంది. ఒక్కొక్క పత్తిమొక్కకు దాని చినుకులు దానికి. గట్టు మీద ఒక్కటి పడలేదు. గట్టు మీద గొడుగు లేకుండా నిలబడిన మనిషి తడవలేదు. ఒకే ఒక చినుకు దారి తప్పి..."

పదకొండుకు ఎనిమిది నిమిషాలు. ముత్తుపాండి జేబులో ఫోను మోగింది.

"ఎత్తొద్దు," అన్నాడు అళగర్సామన్న. "ఆ చినుకు ఇంకా పడలేదు."

ముత్తుపాండి ఎత్తాడు. "చెప్పండి ముదలాళీ. సరి. ఎన్ని? సరి, సరి. ఆమె ఏమంది? సరి." ఫోను బల్ల మీద పెట్టి టీ గ్లాసు అందుకున్నాడు.

"ఏమన్నాడు?" అన్నాడు అళగర్సామన్న. అంతసేపూ మబ్బుల మీద ఉన్న గొంతు నేలకు దిగింది.

"మగ్గం ఉంటుంది. రెండు మూరల అంచు నేసి చూసినారట. ఇరవై చిలకలు, ఇరవైకీ ముక్కు ఉంది. టెంపో తేవద్దు అన్నాడు. పెరియనాయగి మగ్గం మీద నుంచి లేవడం లేదట, తినడానికి కూడా."

పెద్దాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తువ్వాలు దించేసరికి మళ్లీ పాత మనిషి.

"తెల్లవారి నుంచి నడుస్తోందని చెప్పలేదా నేను?"

"అది నడవడం మొదలై అరగంట కాలేదు మామా. తొమ్మిదిన్నరకు నేను వచ్చేటప్పుడు పెట్టె మూత తీసి ఉండె, నీ మనవరాలు దాని ముందర మోకాళ్ల మీద ఉండె."

"ఉండనీ. ఏది ఎట్లా ఉన్నా, నిన్ను పదకొండు దాకా ఈ బల్ల మీద నుంచి కదలనిచ్చినానా? ఆ పిల్లకు కావాల్సింది గంటన్నర. ఎవరు తెచ్చిచ్చినారు?"

"నా టెంపో తాళంచెవి తీయి," అన్నాడు ముత్తుపాండి.

నాకు అర్థం కాలేదు. అళగర్సామన్న ఒక పక్కకు ఒరిగి, కింద నుంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "గుచ్చుకుంటానే ఉండె," అన్నాడు నెమ్మదిగా.

"నువ్వు దాని మీద కూర్చున్నప్పుడే చూసినా."

"చూసి ఎందుకు ఊరుకుంటివి?"

ముత్తుపాండి చెప్పాలా వద్దా అన్నట్టు నా వైపు చూశాడు. తర్వాత చెప్పాడు. "నన్ను షెడ్డు గేటు కాడ ఆపింది మహేశ్వరి. మామా, మీకు దండం పెడతా, నేను పిలిచేదాకా తాతను టీకొట్టులో కూర్చోబెట్టండి అంది. నువ్వు రెండుసార్లు పోయి రెండుసార్లూ తీగ తొక్కినావట. ఒకసారి, రిపేరుకు ముందర ఇంజను ఆపాల అని మెయిన్ ఆఫ్ చేసినావట. రాసిందంతా పోయి మళ్లీ మొదటి నుంచి రాసుకుందట. ఆయన బయట ఉంటే గంటన్నరలో అయిపోతుంది, లోపల ఉంటే మగ్గం మీ టెంపో ఎక్కుతుంది అంది. ఎట్లా ఆపాల అంటిని. ఏమీ చేయనక్కరలేదు, ఆ తర్వాత ఏమైంది అని అడగండి చాలు అంది."

నేను కప్పులు కడగడం మొదలుపెట్టాను, అవసరం లేకపోయినా.

అళగర్సామన్న తన చేతుల వైపు చూసుకున్నాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ముందు పెదవి ఒక పక్కకు పోయింది, తర్వాత భుజాలు కదిలాయి. శబ్దం లేకుండా నవ్వుతున్నాడు.

"పెరియనాయగి లేవడం లేదు అన్నాడు కదూ," అన్నాడు.

"లేవడం లేదట."

"తినడానికి కూడా."

"తినడానికి కూడా."

"సరే." గ్లాసులో అడుగున మిగిలిన టీ తాగేశాడు. "మహేసు ఆఖరుకు ఎంత మీద పెట్టిందట?"

"నూరు."

"నేను అరవై చెప్తిని దానికి."

"అది కూడా చెప్పింది," అన్నాడు ముత్తుపాండి. "అరవై అని ఒకటి ఆ రాతలో లేనే లేదట మామా."

"లేకపోతే పెట్టుకోవాల. నూరు ఎక్కువ. ఈ పొద్దు నడుస్తుంది, ఎండ ముదిరితే తీగ సాగుతుంది, అప్పుడు చూడు. ముప్పై నాలుగేళ్లలో అరవై దాటలేదు నేను, ఒక్క కోడిపిల్లను తొక్కలేదు. ఉండు, పోయి ఒక మాట చెప్పి వస్తా." ఖాకీ చొక్కా గుండీ పెట్టుకుంటూ లేచాడు.

ముత్తుపాండి తాళంచెవి జేబులో వేసుకున్నాడు కానీ లేవలేదు. పెద్దాయన చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు.

"ఆ పిల్ల ఇంకా పిలవలేదు మామా. కూర్చో. దారి తప్పిన ఆ చినుకు ఏమైంది, పడిందా లేదా?"

అళగర్సామన్న నిలబడే ఆలోచించాడు. షెడ్డు వైపు చూశాడు, మా ఇద్దరి వైపు చూశాడు. తర్వాత కూర్చున్నాడు.

"పడింది," అన్నాడు. "అరవై మీద."